బుట్ట చేతులు, పాపిళ్లు, బొత్తాలు: పాత కుటుంబ ఫొటోలకు ఏళ్లు కట్టే పని – ప్రాజెక్టు డైరీ

జూన్: పని స్వరూపం

ఒక మిత్రుని కుటుంబంలో తరతరాలుగా దాచుకుంటూ వచ్చిన ఫొటోలు ఏయే కాలానివో తేల్చే పనిని ఈ నెల చేపట్టాను. చాలావాటి వెనుక పేరు గాని, సంవత్సరం గాని రాసి లేదు. రాసి ఉన్నచోట కూడా ఆ చేతిరాత తర్వాతి తరం వారిదని స్పష్టంగా తెలుస్తోంది కాబట్టి దానిని జ్ఞాపకంగా లెక్కించవచ్చు గాని సాక్ష్యంగా తీసుకోలేము. ఇందులోని మనుషులందరూ పాశ్చాత్య దుస్తుల్లోనే ఉన్నారు గనుక, 1840ల నుంచి 1940ల దాకా ఆ దుస్తులు మారుతూ వచ్చిన తీరునే నేను కొలబద్దగా పెట్టుకున్నాను.

పని మొదలు పెట్టేముందే ఒక నియమం రాసుకున్నాను. ఒక ఫొటోలో కనిపించే వస్తువులన్నింటిలో ఏది అన్నిటికంటే ఆలస్యంగా వాడుకలోకి వచ్చిందో, ఆ ఫొటో దానికంటే ముందుది కాజాలదు. పాత కోటును మనిషి ఇరవై ఏళ్లు తొడుక్కోవచ్చు, అమ్మమ్మ నాటి లేసు కాలరును మనుమరాలు పెట్టుకోవచ్చు; కానీ ఇంకా పుట్టని ఫ్యాషన్‌ను ఎవరూ తొడుక్కోలేరు. అందుచేత ఫొటో చేతిలోకి తీసుకోగానే "ఇందులో పాతగా కనిపిస్తున్నది ఏది?" అని కాకుండా "ఇందులో అన్నిటికంటే కొత్తది ఏది?" అని అడగాలి. ఈ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన విషయం ఇదే.

పట్టికలో ప్రతి ఫొటోకు వరుస సంఖ్య, అట్ట కొలత, ముందు వెనుకల స్కాన్, దుస్తుల వివరం, "దీనికంటే ముందు కాదు" అనే గడి, "బహుశా దీని తర్వాత కాదు" అనే గడి పెట్టాను. ఒకే సంవత్సరం రాసే గడిని కావాలనే పెట్టలేదు, ఎందుకంటే దుస్తులు ఒక వ్యవధిని చూపిస్తాయి. ఆ వ్యవధిని ఒక్క ఏడుకు కుదించడానికి వేరే ఆధారం కావాలి. చిన్న ఫొటోలను అంగుళానికి 1200 చుక్కల సాంద్రతతో స్కాన్ చేశాను, బొత్తాలు, కుట్లు, గడియారం గొలుసులు ఆ సాంద్రతలోనే విడివిడిగా తేలుతున్నాయి.

జూన్ చివర: ముందు అట్టలు, తర్వాత మనుషులు

దుస్తులు చూసేముందు ఫొటో దేనిమీద ఉందో చూసుకోవడం మేలు, ఎందుకంటే అది దుస్తుల సాక్ష్యాన్ని బలపరుస్తుంది, లేదా నిలదీస్తుంది. అద్దంలా మెరుస్తూ, వంచి చూస్తే తప్ప బొమ్మ కనబడని వెండిపూత రాగి రేకు డాగెరోటైప్. దాని విధానం 1839లో లోకానికి వెల్లడైంది, 1850ల దాకా బాగా నడిచింది. పలుచని ఇనుప రేకుమీది టిన్‌టైప్‌కు 1856లో పేటెంట్ వచ్చింది. చిన్న అయస్కాంతం దగ్గరకు తెస్తే అంటుకోవడం దాని గుర్తు. అయితే అది ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల దాకా సాగింది కాబట్టి, రేకును బట్టి కాలం చెప్పడం కుదరదు, దుస్తులే చెప్పాలి.

ఈ సేకరణలో ఎక్కువ భాగం కాగితపు అచ్చును అట్టకు అంటించిన ఫొటోలు. సుమారు రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తు ఉన్న చిన్న అట్టలు కార్ట్ ద విజీత్‌లు. వీటికి పారిస్‌లో దిస్దేరి అనే ఫొటోగ్రాఫర్ 1854లో పేటెంట్ తీసుకున్నా, జనంలో విపరీతంగా వ్యాపించింది 1860 ప్రాంతం నుంచే. నాలుగుంబావు, ఆరున్నర అంగుళాల పెద్ద అట్టలు క్యాబినెట్ కార్డులు, ఇవి 1866 నుంచి మొదలయ్యాయి. పలుచని అట్ట, కోసుగా ఉన్న మూలలు 1860లను సూచిస్తాయి. ఆ తర్వాత మూలలు గుండ్రపడ్డాయి, అట్ట మందమైంది, 1880లలో ముదురు రంగు అట్టలూ వాలుగా కోసి బంగారు పూత పూసిన అంచులూ కనిపిస్తాయి. ఒక చిన్న అట్ట వెనుక అమెరికా పన్ను స్టాంపు అంటించి ఉంది. ఫొటోలమీద ఆ పన్ను 1864 సెప్టెంబరు 1 నుంచి 1866 ఆగస్టు 1 వరకే ఉంది కాబట్టి ఆ ఒక్క ఫొటోకు రెండేళ్లలోపు వ్యవధి దొరికింది. అందులోని స్త్రీ దుస్తులను నా కొలబద్దకు మొదటి గీతగా వాడుకుంటున్నాను: భుజం కుట్టు భుజం మీద కాక దండ చేతిమీదికి జారి ఉంది, గౌను గుమ్మటంలా విప్పారి ఉంది, చిన్న తెల్ల కాలరు, నడి పాపిడి, చెవులమీదుగా దువ్వి వెనుక వలలో ముడిచిన జుట్టు.

జూలై: చేతులే గడియారం

స్త్రీల దుస్తుల్లో ఏ భాగాన్ని పట్టుకోవాలన్నది ఈ నెలంతా ఆలోచించిన విషయం. గౌను వెనుక భాగాన్ని ఎత్తి నిలబెట్టే బసిల్ అనే అమరిక 1869 ప్రాంతంలో వచ్చి 1876 దాకా ఉండి, మధ్యలో తగ్గి, 1883 నుంచి 1889 వరకు మరింత కోణంగా, చిన్న అల్మరా అరలా తిరిగి వచ్చింది. తేదీ కట్టడానికి ఇది మంచి గుర్తే గాని, చాలా ఫొటోల్లో స్త్రీ కుర్చీలో కూర్చుని ఎదురుగా చూస్తూ ఉంటుంది. నడుము వెనుక ఏముందో కనబడనే కనబడదు. ఛాతీ వరకే తీసిన ఫొటోల్లో గౌను ప్రస్తావనే లేదు. ఏ భంగిమలోనైనా కనిపించేవి మెడ, భుజం, చేతులు, జుట్టు. వీటిలోనూ జాకెట్టు చేతులంత చురుగ్గా మారినది మరొకటి లేదు.

1840లలో చేతులు బిగుతుగా, జాకెట్టు ముందుభాగం నడుము కిందికి కోసుగా దిగుతూ ఉంటుంది. 1850లలో చేతులు మోచేతి దగ్గరినుంచి గంటలా విప్పారి, లోపలినుంచి పలుచని తెల్ల గుడ్డ చేతులు బయటికి కనిపిస్తాయి. 1856లో క్రినొలిన్‌కు, అంటే గౌను లోపల తొడిగే ఉక్కు కమ్మీల పంజరానికి, పేటెంట్ వచ్చాక గౌన్ల వెడల్పు ఇంకా పెరిగింది. 1860ల మధ్యకు వచ్చేసరికి గౌను ముందు భాగం చదునై, ఆ నిండుతనమంతా వెనక్కు జరిగింది. 1870లలో భుజం కుట్టు మెల్లగా పైకెక్కి తన అసలు చోటుకు చేరింది. మెడ దగ్గర లేసు కుచ్చులు, నడినెత్తిన ఎత్తుగా చుట్టిన జడలు ఆ దశకానివి. 1880లలో చేతులు చర్మానికి అతికినట్టు బిగుతై, మెడపట్టీ నిటారుగా నిలిచి, జాకెట్టు ముందు చిన్న బొత్తాలు వరుసగా, నుదుటిమీద ముంగురులు వంకీలు తిరిగి కనిపిస్తాయి.

ఇక 1890ల దగ్గరికి వచ్చేసరికి చేతులు దాదాపు ఏటేటా మారాయి. 1890 ప్రాంతంలో బిగుతు చేతి పైన, భుజం కొసన, చిన్న శిఖరంలా నిలువుగా లేచిన కుచ్చు మొదలవుతుంది. 1892, 1893లలో అది పక్కలకు ఉబ్బుతుంది. 1895, 1896 నాటికి మోచేతి పైభాగమంతా పెద్ద బుట్ట అయిపోతుంది; ముంజేయి మాత్రం బిగుతుగానే ఉంటుంది. 1897కు అది ఒక్కసారిగా కుంగిపోయి, శతాబ్దం చివరికి భుజం మీద చిన్న బుడగ మాత్రం మిగులుతుంది. 1900 దాటాక నిండుతనం కిందికి దిగి మణికట్టు పైన సంచిలా వేలాడుతుంది, జాకెట్టు ముందుభాగం కూడా నడుము మీదికి వదులుగా జారుతుంది. ఈ క్రమం మనసులో నిలిచిన తర్వాత, ఆ పదేళ్లలో తీసిన ఫొటోను రెండు మూడేళ్ల వ్యవధిలో కూర్చోబెట్టడం సాధ్యమవుతోంది. ఇంతటి సూక్ష్మత మరే దశకానికీ దొరకదు.

పట్నం ఫ్యాషన్ పల్లెకు చేరడానికి పదేళ్లు పడుతుందని, అందుచేత ప్రతి తేదీకి పదేళ్లు కలపాలని కొందరు అంటారు. నేను దానిని ఒప్పుకోను. 1850ల నుంచి కుట్టు మిషన్లు ఇళ్లలోకి వస్తున్నాయి, 1863లో ఎబెనీజర్ బటరిక్ అనే అమెరికా దర్జీ కొలతలవారీగా కత్తిరించిన కాగితపు నమూనాల అమ్మకం మొదలుపెట్టాడు, ఫ్యాషన్ బొమ్మల పత్రికలు టపాలో దూరాలకు వెళ్తున్నాయి. గుడ్డ ఖరీదులో, నగిషీలో తేడా ఉండవచ్చు గాని చేతి ఆకారం వేగంగానే పాకింది. నిజంగా ఆలస్యం చూపేది వయసు. యాభై దాటిన స్త్రీ తన యౌవనం నాటి పాపిడిని, టోపీని, చేతుల కోతను పెద్దగా మార్చుకోదు. ఇరవై ఏళ్ల అమ్మాయి మార్చుకుంటుంది. కాబట్టి బృంద ఫొటోలో పెళ్లీడు వచ్చిన వారిలో అందరికంటే చిన్నదైన స్త్రీని వెతికి, ఆమె భుజాన్ని చూస్తున్నాను.

జూలై చివర: 27వ ఫొటో

దీని గురించి వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే విధానమంతా ఈ ఒక్క ఫొటోలో కనిపిస్తుంది. ముదురు ఆకుపచ్చ మందపు అట్టమీది క్యాబినెట్ కార్డు, వాలు అంచుకు బంగారు పూత. కుర్చీలో ఒక వృద్ధురాలు, ఆమె పక్కన నిలబడ్డ యువతి, వెనుక ఒక పురుషుడు, వృద్ధురాలి ఒళ్లో రెండేళ్ల లోపు బిడ్డ. కుటుంబంలో దీనిని "1870లలో తీసినది" అని చెప్పుకుంటూ వచ్చారు. అలా అనుకోవడానికి కారణం వృద్ధురాలే: నడి పాపిడి, రెండు వైపులా నున్నగా అణచి దువ్విన జుట్టు, చెవుల మీదుగా లేసు రిబ్బన్లు జారే తెల్ల టోపీ. చూపు సహజంగా ఆమె దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే ఫొటో మధ్యలో ఉన్నది ఆమే.

నేను యువతి ఎడమ భుజాన్ని స్క్రీన్‌మీద పెద్దది చేసి చూశాను. చేయి మణికట్టు నుంచి పైదాకా బిగుతుగా వచ్చి, భుజం కుట్టు దగ్గర గుడ్డను దగ్గరికి లాగి కుచ్చుగా పోయడం వల్ల రెండు వేళ్ల ఎత్తున శిఖరం లేచింది. ఆ కుచ్చులో మడతలు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉన్నాయి. చేతుల గుడ్డ మఖమల్‌లా వెలుగును మింగుతోంది, జాకెట్టు గుడ్డమీద మాత్రం సన్నని నిలువు గీతలున్నాయి. చేతులకు వేరే గుడ్డ వేయడం ఆ ఏళ్లలో ఫ్యాషనే. పాత జాకెట్టుకు చేతులు మాత్రం విప్పి కొత్తవి కుట్టించుకోవడమూ మామూలే. ఈ రెండింటిలో ఏది జరిగినా తేదీ మీద ప్రభావం లేదు, ఎందుకంటే చేతులు ఏ ఏటివో ఫొటో ఆ ఏటిదో ఆ తర్వాతిదో అవుతుంది. నిటారు మెడపట్టీ, నుదుటి ముంగురులు కూడా దానికి సరిపోయాయి. ముదురు అట్ట, బంగారు అంచు 1870లకు ఎలాగూ నప్పవు. పట్టికలో "1890 కంటే ముందు కాదు, బహుశా 1892 తర్వాత కాదు" అని రాశాను.

ఆ తర్వాతే బిడ్డ వివరాలు అడిగాను. దుస్తుల నుంచి వ్యవధి కట్టాకే జనన వివరాలు చూడాలన్నది నేను పెట్టుకున్న క్రమం. ముందే చూస్తే కన్ను తనకు కావలసిన చేతినే చూస్తుంది. ఆ ఇంట్లో ఆ వయసుకు సరిపోయే బిడ్డ ఒక్కడే ఉన్నాడు, వాడు పుట్టింది 1889 చివరలో. ఫొటో 1891కి దగ్గరగా వస్తోంది. దీనితో ఒళ్లో ఉన్నది ఎవరో, కూర్చున్న వృద్ధురాలు ఎవరి తల్లో కూడా తేలింది. ఫొటోను ఇరవై ఏళ్లు పాతదిగా అనుకున్నప్పుడు ఆమెను వేరే తరానికి చెందిన మరొకరిగా లెక్కించారు.

ఆగస్టు: పురుషులు, పిల్లలు

పురుషుల దుస్తులు నెమ్మదిగా మారాయి గనుక వాటినుంచి దశకం తెలిస్తే చాలునని పెట్టుకున్నాను. 1860లలో కోటు వదులుగా, చేతులు వెడల్పుగా ఉంటాయి. 1880లలో కోటును మెడ దగ్గరదాకా ఎత్తుగా బొత్తాలు పెట్టేవారు, కాలరు మడతలు చిన్నవి. ప్యాంటుకు ముందు వెనుకల పదునైన ఇస్త్రీ మడత కనిపిస్తే 1890లకంటే వెనక్కి వెళ్లనక్కరలేదు. చొక్కానుంచి విడిగా తీయగలిగిన ఎత్తైన గట్టి కాలరు 1900ల మొదటి ఏళ్లలో గడ్డం కిందిదాకా వచ్చి, 1920లలో చొక్కాకే కుట్టిన మెత్తని కాలరుకు చోటిచ్చింది. వెయిస్ట్‌కోటు జేబులోకి వేలాడే గడియారం గొలుసు దాదాపు ఏ దశకంలోనైనా ఉంటుంది. మణికట్టు గడియారం మాత్రం మగవారి చేతికి మొదటి ప్రపంచ యుద్ధంతోనే విస్తారంగా వచ్చింది. ఒక యువకుడి ఫొటోను కుటుంబం 1905 అని రాసుకుంది, కఫ్ కింద తోలు పట్టీ అంచు కనబడటంతో దానిని యుద్ధకాలంలోకి గాని ఆ తర్వాతికి గాని జరిపాను.

పిల్లల్లో ముందు తేల్చవలసింది ఆడపిల్లా, మగపిల్లవాడా అన్నది. పందొమ్మిదో శతాబ్దంలోనూ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ మగపిల్లలకు నాలుగైదేళ్లు, ఒక్కోసారి అంతకు మించి వచ్చేదాకా గౌన్లే తొడిగేవారు. గౌను చూసి "అక్క" అని రాసిన ఫొటోల్లో పాపిడిని చూస్తున్నాను: మగపిల్లలకు పక్క పాపిడి, ఆడపిల్లలకు నడి పాపిడి తీయడం సాధారణం. ఇది అన్నివేళలా చెల్లే గుర్తు కాదు గాని, చేతిలోని బొమ్మ, గౌను కోత కూడా అటే మొగ్గితే నమ్మవచ్చు. నావికుల దుస్తుల నమూనాలో కుట్టిన చదరపు కాలరు చొక్కాలు 1870ల నుంచి 1930ల దాకా నడిచాయి కాబట్టి, చూడగానే ఆకట్టుకున్నా తేదీకి పెద్దగా పనికిరావు.

ఆగస్టు చివర: రంగు, ఎడమ కుడి, నకళ్లు

"నల్ల గౌను తొడుక్కుంది కాబట్టి భర్త పోయాక తీసిన ఫొటో" అనే వాక్యం ఈ కుటుంబ కాగితాల్లో పలుచోట్ల ఉంది. ఆనాటి కొలోడియన్ పలకలు (కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసిన ఫొటో పలకలు) నీలి కాంతికి మాత్రమే బాగా స్పందించేవి. అందువల్ల లేత నీలం గౌను దాదాపు తెల్లగా, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు నల్లగా పడేవి. అన్ని రంగులనూ సరిగా పట్టే పలకలు మార్కెట్లోకి వచ్చింది 1906లో. కాబట్టి నలుపును సంతాపానికి గుర్తుగా తీసుకోవాలంటే, మెరుపులేని క్రేప్ గుడ్డ, నల్లరాతి నగలు, ముసుగు వంటి తోడు సాక్ష్యం కావాలి. అలాగే తెల్ల గౌను లేదని పెళ్లి ఫొటో కాదనడమూ కుదరదు. 1840లో విక్టోరియా రాణి తెల్లని దుస్తుల్లో పెళ్లి చేసుకున్నా, ఆ శతాబ్దమంతా ఎందరో తర్వాత కూడా తొడుక్కోగలిగిన రంగు గౌనులోనే పెళ్లాడారు.

నన్ను ఎక్కువసేపు కట్టిపడేసినది మరో చిన్న అట్ట. అట్ట పలుచనిది, మూలలు కోసువి, అంటే 1860లది. దాని మీద ఉన్న మనిషి దుస్తులు మాత్రం స్పష్టంగా 1840లవి: గడ్డానికి తగిలే కాలరు, మెడచుట్టూ రెండు చుట్లు తిప్పి ముడి వేసిన వెడల్పాటి గుడ్డ, భుజాల దగ్గర బిగుతుగా కుట్టిన కోటు. ఇరవై ఏళ్ల నాటి కోటు తొడుక్కున్నాడనవచ్చు గాని జుట్టు, మెడగుడ్డ, కోటు మూడూ ఒకే కాలంలో ఆగిపోవడం అనుమానానికి తావిస్తుంది. వెయిస్ట్‌కోటు బొత్తాలను చూశాను. మగవారి దుస్తుల్లో ఎడమ అంచు కుడి అంచు మీదికి వస్తుంది. ఇక్కడ కుడి అంచు పైన ఉంది. డాగెరోటైప్‌లో బొమ్మ అద్దంలో చూసినట్టు ఎడమ కుడులు తారుమారై పడుతుంది. పైగా ఫొటో అంచున, చూడాలనుకుంటే తప్ప కనబడనంత సన్నగా, అండాకారపు చట్రం వంపు ఒకటి నీడలా ఉంది. డాగెరోటైప్‌ల మీద అటువంటి ఇత్తడి చట్రం బిగించేవారు. అంటే 1840ల డాగెరోటైప్‌ను 1860లలో మళ్లీ ఫొటో తీసి, బంధువులకు పంచుకోవడానికి అట్టలమీద అచ్చు వేయించారు. పట్టికలో దీనికి రెండు వరుసలు ఇచ్చాను, ఒకటి మనిషికి, ఒకటి అట్టకు. మనిషి వరుసలో ఎడమ కుడులు తిరగబడ్డాయని రాసి పెట్టాను, లేకుంటే ఉంగరం ఏ చేతికి ఉందన్నదానిపై రేపు ఎవరైనా అనవసరమైన నిర్ణయానికి రావచ్చు. తారుమారు సమస్య టిన్‌టైప్‌లకూ ఉంది కాబట్టి వాటన్నిటికీ బొత్తాల దిక్కు చూసే గడి ఒకటి కలిపాను.

సెప్టెంబరు: ఇరవయ్యో శతాబ్దపు కట్ట

ఇక్కడ పని వేగంగా సాగింది. పోస్టుకార్డు కాగితం మీద అచ్చు వేసిన ఫొటోల్లో, వెనుక చిరునామాకూ సందేశానికీ మధ్య గీత ఉన్నవి బ్రిటన్‌లో 1902 నుంచి, అమెరికాలో 1907 మార్చి నుంచి వచ్చాయి. నడుము ఎక్కడుందో చూస్తే చాలావరకు వరుస తేలిపోతుంది: 1910 ప్రాంతంలో నడుము ఛాతీ కిందికి ఎక్కి గౌను సన్నని గొట్టంలా అయింది, యుద్ధకాలంలో అంచు చీలమండ పైకి లేచి గౌను వెడల్పైంది, 1920లలో నడుము తుంటికి జారింది, జుట్టు కురచైంది, టోపీ కనుబొమలదాకా దిగింది, అంచు 1926, 1927లలో మోకాలి దగ్గరికి చేరింది, 1930 వచ్చేసరికి అంచు మళ్లీ కిందికి, నడుము తన చోటికి వెళ్లాయి. 1940లలో భుజాలు చదరమై గౌను గుడ్డ తగ్గింది. 1947 ఫిబ్రవరిలో ఫ్రెంచి దుస్తుల రూపకర్త క్రిస్టియన్ డియోర్ ప్రదర్శన తర్వాత సన్నని నడుము, విశాలమైన గౌను తిరిగి వచ్చాయి.

ఇంట్లోనే చిన్న కెమెరాతో తీసిన ఫొటోలకు మరో లాభం ఉంది. స్టూడియోకు జనం మంచి బట్టలు, కొన్నిసార్లు అరువు తెచ్చుకున్న బట్టలు తొడుక్కుని వెళ్లేవారు. పెరట్లో తీసిన ఫొటోలో రోజూ వేసుకునే బట్టలే ఉంటాయి. వాటిలో పాతబట్టల పాలు ఎక్కువ కాబట్టి "ముందు కాదు" గడికి బలం ఉంటుంది గాని "తర్వాత కాదు" గడిని అయిదారేళ్లు వదులుగా ఉంచుతున్నాను.

మిగిలినవి టిన్‌టైప్‌లు. వాటిలో ఒకటి ఇద్దరు స్త్రీలు భుజాలమీద శాలువాలు కప్పుకుని కూర్చున్నది. చేతులు పూర్తిగా కప్పబడిపోయాయి, మెడ దగ్గర పెద్ద బ్రోచ్ వల్ల కాలరు కూడా కనబడదు. జుట్టు మాత్రం ఎత్తుగా చుట్టి, ముంగురులు లేకుండా ఉంది. దానికి 1868 నుంచి 1878 అని విశాలమైన వ్యవధి రాసి, ఆధారం గడిలో "జుట్టు మాత్రమే" అని చేర్చాను. ఇలా ఒక్క గుర్తు మీదే నిలిచిన ఫొటోలను పట్టికలో పసుపు రంగులో ఉంచి, వచ్చే నెల స్టూడియోల పేర్లు, చిరునామాలను ఆనాటి వ్యాపార డైరెక్టరీలతో పోల్చే పనిని వాటితోనే మొదలుపెడుతున్నాను.